మర్నాటికే తిరిగి వచ్చిన పుస్తకాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరులో ఉద్యోగం, పదేళ్ళుగా తెలుగు పుస్తకం పట్టలేదు. పోయిన డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు వెళ్ళి, నలుగురూ చెప్పారని 'వేయిపడగలు' కొన్నారు. నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయారు. ఇప్పుడు హాయిగా చదువుకోదగ్గ పుస్తకాలు చెప్పమంటున్నారు. చివర్లో మరో రెండు కోరికలు చేర్చారు: చూపు మందగించిన అమ్మగారికి ఏమైనా, తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని తొమ్మిదేళ్ళ పాపకు ఏమైనా.

నేను విమర్శకుణ్ణి కాను. తెనాలిలో ఇరవై రెండేళ్ళు అద్దె పుస్తకాల దుకాణం నడిపినవాణ్ణి. 1982లో తెరిచాను, ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక బేరం సన్నగిల్లి 2004లో మూసేశాను. ఆరడుగుల వెడల్పు గది, మూడు గోడలకూ చెక్క అరలు, ప్రతి నవలకూ నేనే వేసిన కాలికో గుడ్డ బైండు, లోపలి అట్టమీద నంబరు. మొదట్లో రోజుకు అర్ధ రూపాయి అద్దె. పుస్తకాల గురించి నాకు తెలిసినదంతా నా ఖాతా పుస్తకం నేర్పినదే. అందులో ఎడమవైపు పుస్తకం వెళ్ళిన తేదీ, కుడివైపు తిరిగి వచ్చిన తేదీ. సాయంత్రం వెళ్ళి మర్నాడు పొద్దున్నే వచ్చిందంటే ఆ ఇంట్లో రాత్రి దీపం ఆరలేదన్నమాట. పదిహేను రోజుల తర్వాత బాకీతో సహా వచ్చిందంటే, ఎంత పొగుడుతూ చేతికిచ్చినా సరే, చదవలేదన్నమాట.

ఖాతా కంటే నిజం చెప్పేది ఇంకొకటి ఉంది. పుస్తకం అంచు. పదిమంది చేతులు మారిన నవలను మూసి పక్కనుంచి చూడండి. చదివినంత మేర కాగితాల అంచు మాసి ఉంటుంది, చదవని భాగం తెల్లగా మెరుస్తుంది. మా దుకాణంలోని 'వేయిపడగలు'కు ముందువైపు సన్నగా ఒక మాసిన పట్టీ, ఆ తర్వాత అంతా మల్లెపూవు. మీరు ఆగిపోయిన చోటే మా ఊళ్ళో చాలామంది ఆగిపోయారు, చిన్నబుచ్చుకోకండి. విశ్వనాథ సత్యనారాయణ దాన్ని ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారంటారు. పి.వి. నరసింహారావు అంతటివారు పనిగట్టుకుని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. గొప్ప పుస్తకమే. కానీ దాన్ని చదవడమంటే ఒక ఊరికి వెళ్ళి కాపురం పెట్టడం. చుట్టపుచూపుగా వెళ్ళి ఆదివారం సాయంత్రానికి తిరుగు బస్సు ఎక్కేవాళ్ళకు ఆ ఊరు పలకదు. అమ్మేయకండి, దాచుకోండి.

దుకాణం పెట్టిన కొత్తలో బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి "ఏదైనా మంచిది ఇవ్వండి" అన్నారు. నా విద్వత్తు చూపించుకోవాలన్న దుగ్ధ కొద్దీ ఆ అరలో ఉన్నవాటిలోకెల్లా బరువైనది తీసి ఇచ్చాను. పుస్తకం వాళ్ళ అబ్బాయి చేత తిరిగి వచ్చింది, ఆయన మళ్ళీ రాలేదు. "మంచిది ఇవ్వండి" అన్నవాడికి ముందు "ఈ మధ్య ఏది చదివి నవ్వారు, ఏది చదువుతూ అన్నం మరిచిపోయారు" అని అడగాలని అప్పుడు తెలిసింది. మీరు అది చెప్పలేదు. కాబట్టి నా ఖాతాలో మర్నాటికే తిరిగి వచ్చినవాటి నుంచి చెబుతాను.

మొదట కొనవలసింది మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం', అందులోనూ మొదటి భాగం. 1924 నాటిది. మొగలితుర్రు నుంచి ఒక కుర్రవాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. ఇలా చెబితే ఏదో పాత సినిమాలో హాస్యంలా ఉంటుంది గాని, చదివితే అది కాదు. పార్వతీశం తన తెలివితక్కువతనాన్ని తానే, ఎక్కడా నవ్వకుండా, ఎంతో ముందుచూపుతో చేసిన పనిలాగా చెప్పుకుంటూ పోతాడు. మొదటిసారి విమానం ఎక్కి, పక్కవాడిని ఓరకంట చూస్తూ బెల్టు పెట్టుకోవడం నేర్చుకున్న ప్రతివాడిలోనూ పార్వతీశం ఉన్నాడు. మిగిలిన రెండు భాగాల్లో వకీలు వృత్తీ, స్వాతంత్ర్యోద్యమమూ వస్తాయి. అవీ బాగానే ఉంటాయి గాని నవ్వు పలుచబడుతుంది. మొదటి భాగానికి నేను మూడుసార్లు బైండు మార్చాను. మూడో భాగానికి మొదట వేసినదే కడదాకా నిలిచింది. అంతకంటే విమర్శ నాకు చేతకాదు.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వచ్చి 1958లో పుస్తకమైంది. కథ విశాఖపట్నంలో. మేడమీద గది అద్దెకు తీసుకున్న వైద్య విద్యార్థి ప్రకాశం, కింద ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర, వాళ్ళ మధ్యకు కల్యాణి, కృష్ణమూర్తి, వసుంధర. ఇందిరను మీరు మెచ్చుకుంటారా, తిట్టుకుంటారా అన్నది చెప్పలేను. మా దుకాణంలో రెండూ జరిగేవి, కొన్నిసార్లు ఒకే మనిషిలో, పది రోజుల తేడాతో. ఆమె మంచి పిల్లగా కనబడాలని తాపత్రయపడదు, జాలి అడగదు. తనకు కావలసింది తెలుసు, దొరకనప్పుడు ఏడుస్తూ కూర్చోదు. ఇప్పటి టీవీ ధారావాహికల్లో కూడా అంత ధైర్యంగా రాసిన ఆడమనిషి కనబడదు. మా దగ్గర బి.ఇడి. చదువుకునే ఒక అమ్మాయి ఈ నవలను ఏడాదిలో నాలుగుసార్లు తీసుకెళ్ళింది. నాలుగోసారి "అద్దెకు పెట్టిన డబ్బులతో కొత్తది వచ్చేదమ్మా" అంటే, "ఇంట్లో ఉంటే మా నాన్న చదువుతాడండి" అంది. శ్రీదేవి రాసిన నవల ఇదొక్కటే. 1961లో, ముప్పై రెండేళ్ళకే పోయారు. దీన్ని ఆధారం చేసుకుని 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' అనే సినిమా వచ్చింది. సినిమా సరదాగా ఉంటుంది, నవల మాత్రం వేరే సరుకు. సినిమా చూశానని నవలను వదిలేయకండి.

ఆఫీసు పనితో నవల పట్టేంత వ్యవధి లేదంటారా, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'వడ్లగింజలు' చదవండి. పెద్ద కథ, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చదరంగంలో ఆరితేరిన ఒక బీద బ్రాహ్మణుడు ప్రభువు ఎదుట ఆడాలని వస్తాడు. అసలు ప్రభువు దాకా వెళ్ళనిచ్చేదెవరు? నడుమ ఎంతమంది, ఎన్ని మాటలు, ఎన్ని అడ్డంకులు! కథలో ఎక్కువ భాగం సంభాషణే. శ్రీపాద వర్ణించరు, మనుషులను మాట్లాడనిస్తారు. ఎదురుగా అరుగుమీద ఇద్దరు వాదించుకుంటుంటే మనం స్తంభం పక్కన నిలబడి విన్నట్టుంటుంది. పేరు చూడగానే చదరంగం గడులూ రెట్టింపయ్యే గింజలూ గుర్తుకు వచ్చి, కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి అరవై నాలుగో గడికి ఎన్నవుతాయో లెక్క కట్టేస్తారు మీరు. కట్టకండి, కథ దగ్గరకు వెళ్ళేదాకా ఆగండి. ఇది నచ్చితే 'గులాబీ అత్తరు', ఆ తర్వాత ఆయన ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. ఆత్మకథ మాత్రం తొందర ఉన్నవాళ్ళకు పనికిరాదు. ఆయన ఒక విందు గురించి చెప్పడం మొదలుపెడితే విస్తరి ఎత్తేదాకా వదలరు.

చదరంగం అంటే యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' కూడా గుర్తుకు వస్తుంది. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోను చేసి తానెవరో కనుక్కోమని చిక్కుముళ్ళు వేస్తుంది. మా ఖాతాలో ఇది మర్నాడు కాదు, చాలాసార్లు అదే రోజు తిరిగి వచ్చేది. వారపత్రికల నవలలను తక్కువగా చూసేవాళ్ళతో నేను వాదించను. నా ఇంటి అద్దె కట్టింది అవే. యండమూరిదే చేతబడి నవల 'తులసిదళం' తీసుకెళ్ళిన ఆర్టీసీ కండక్టరు ఒకాయన రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి వెళ్ళేదారిలో రావిచెట్టు ఉందని దారి మార్చుకున్నాడు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రెండు ప్రతులున్నా ఎప్పుడూ అరలో ఉండేది కాదు. ఇప్పుడు చదివితే రాజశేఖరం మీద మీ ఆఫీసులో ఫిర్యాదు వెళ్ళాల్సినంత పొగరుగా కనిపిస్తాడు. అయినా పేజీ తిప్పుతారు, ఆమె చేతిలో ఉన్న విద్య అది. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్' రైలు ప్రయాణానికి. డిటెక్టివ్ యుగంధర్ కావాలంటే కొమ్మూరి సాంబశివరావు. అయితే పాత ప్రతి కొంటే చివరి పేజీ ఉందో లేదో అక్కడే చూసుకోండి. మా ఊళ్ళో ఒక మహానుభావుడు చదివిన ప్రతి డిటెక్టివ్ నవల మొదటి పేజీలో హంతకుడి పేరు పెన్సిలుతో రాసి ఇచ్చేవాడు. అతనెవరో నేను కనుక్కోలేకపోయాను. రబ్బరుతో చెరపడమే నా పని.

ఇక యాసలో రాసిన పుస్తకాలు. ఇవి హాయిగా ఉంటాయని చెబితే చాలామంది నమ్మరు, మొదటి పేజీ తిప్పి "మాకు అర్థం కాదండి" అని పెట్టేస్తారు. నేనొక ఉపాయం పట్టాను: మొదటి పేజీ వాళ్ళ ఎదుటే పైకి చదివేవాణ్ణి. కంటికి అడ్డుపడే మాట చెవికి అడ్డుపడదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు జిల్లా పల్లెలో అమ్మ చుట్టూ, ఆకలి చుట్టూ, అల్లరి చుట్టూ తిరిగే కతలు. మొహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు వైపు ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి ముచ్చట్లు. పి. యశోదారెడ్డి 'మావూరి ముచ్చట్లు' పాలమూరు పల్లె ఆడవాళ్ళ తెలంగాణ మాట. మూడూ నవ్విస్తూ ఉండగానే గొంతులో ఏదో అడ్డుపడేలా చేస్తాయి. అవి కొన్నాక తలుపు వేసుకుని రెండు పేజీలు పైకి చదవండి. మూడో పేజీకి ఆ ఊరివాళ్ళయిపోతారు.

దుకాణం మూసేశాక వచ్చిన పుస్తకాలకు నా దగ్గర ఖాతా లేదు, నా నిద్రే కొలత. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నా నిద్ర చెడగొట్టింది. కరవులో గొర్రెలకు మేతా నీళ్ళూ దొరక్క కాపరులు మందలతో నల్లమల ఎక్కుతారు. ఇంజనీరింగు చదివి ఉద్యోగం రాని రవి తండ్రి వెంట వెళతాడు. పులి ఎప్పుడు వస్తుందా అని చదువుతాం గాని, నన్ను పట్టుకున్నది పులి కాదు. అడవిలో నీళ్ళు ఎక్కడుంటాయో ఎలా తెలుస్తుంది, రాత్రి మంద ఎందుకు బెదిరింది, ఏ గొర్రె తప్పిపోయిందో లెక్క పెట్టకుండానే ఎలా పసిగడతారు, ఇలాంటి వివరాలు. అది అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో 2019లో బహుమతి పొందింది. 2021లో సినిమా వచ్చింది. సినిమాలోని ప్రేమకథ కోసం పుస్తకంలో వెతకకండి. మీకు ఇంజనీరింగు నేపథ్యం ఉంది కాబట్టి ఇది పార్వతీశం తర్వాత వెంటనే చదవండి అనే చెబుతాను.

కె.ఎన్.వై. పతంజలి పేరు చెప్పకుండా ఉండలేను, చెప్పడానికీ వెనకాడుతున్నాను. 'గోపాత్రుడు', 'పిలక తిరుగుడు పువ్వు' వరసగా చదవాలి. అలమండ అనే ఊళ్ళో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగవు పుట్టి కోర్టుకు ఎక్కుతుంది. కొందరు ఊపిరాడకుండా నవ్వుతారు, కొందరు "ఇందులో నవ్వేదేముంది" అని అడుగుతారు. మధ్యేమార్గం లేదు. మీ డబ్బుతో మొదటిసారి కొనవలసినది కాదు. ఎవరిదగ్గరైనా ఉంటే పది పేజీలు చూసి నిర్ణయించుకోండి.

అమ్మగారి సంగతి. చూపు మందగించినవాళ్ళకు పెద్దక్షరాల తెలుగు పుస్తకాలు వెతకడం కంటే వినిపించడం తేలిక. ముళ్ళపూడి వెంకటరమణ ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి'ని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతుతో శ్రవణ పుస్తకంగా తెచ్చారు. సినిమాలూ అప్పులూ స్నేహాలూ, బాపూతో కలిసి నడిచిన జీవితం. బాలూ గొంతులో వింటే పక్కింటాయన వచ్చి కబుర్లు చెబుతున్నట్టుంటుంది. దాసుభాషితం అనే యాప్‌లో కూడా తెలుగు పుస్తకాలు వినవచ్చు. కానీ నా అనుభవంలో పెద్దవాళ్ళకు యంత్రం గొంతు కంటే ఇంటివాళ్ళ గొంతు రుచి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'లో ఒక్కో కథ మూడు నాలుగు పేజీలే. రోజూ రాత్రి అమ్మగారికి ఒకటి చదివి వినిపించండి, దూరంలో ఉంటే ఫోనులో. ఒక కథకు పది నిమిషాలు చాలు. వంద రోజుల దాకా కాలక్షేపం, మీ నాలుకకూ తెలుగు అలవాటవుతుంది. నవ్వు కావాలంటే భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు'. ఆ అత్తగారి మడీ ఆచారమూ అమాయకత్వమూ చూసి మీ అమ్మగారు తన అత్తగారిని తలుచుకుని మీకు కొత్త కథలు చెబుతారు. అవి రాసుకోండి.

పాపకు అందరూ ముళ్ళపూడివారి 'బుడుగు' చెబుతారు. నేనూ చెబుతాను, ఒక మాట చేర్చి. అది పిల్లవాడు మాట్లాడే పుస్తకమే గాని పిల్లల పుస్తకం కాదు. బాబాయి ప్రేమ వ్యవహారాలూ రాధా గోపాళాల కాపురమూ తొమ్మిదేళ్ళ పిల్లకు సగమే అందుతాయి. పరవాలేదు, సీగాన పెసూనాంబ అన్న పేరు ఒక్కసారి పైకి చదివితే చాలు, ఆ రోజంతా ఇంట్లో అదే మోగుతుంది. బాపూ బొమ్మలు ఆమె చూడాలి, మాటలు మీరు చదవాలి. దాని కంటే ముందు నండూరి రామ్మోహనరావు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'కాంచన ద్వీపం' చదివి వినిపించండి. అవి అనువాదాలని గుర్తుకు రానంత సాఫీగా ఉంటాయి. సాహసం ఆగిన చోట పుస్తకం మూసేయండి. తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి అక్షరాలు తనే నేర్చుకుంటుందని హామీ ఇవ్వలేను గాని, మా దుకాణానికి అమ్మల కోసం నవలలు మోసుకెళ్ళే పిల్లలు అలాగే దారిలో నిలబడి చదవడం మొదలుపెట్టారు.

ఇంకొక వింత పుస్తకం, అందరికీ చెప్పను. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఈయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారి పొడుగునా ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, పల్లకీ మోసే బోయీలు ఎందుకు మొండికేశారు, అన్నీ రాసుకున్నారు. భాష పాతది, మొదట నత్తనడక. కథ కోసం చదవకూడదు. మీరు ఎరిగిన ఊరు వచ్చినప్పుడు ఆగి, రెండు వందల ఏళ్ళ కిందట అక్కడ ఏముందో చూసుకోవాలి. పడుకునే ముందు రెండు పేజీలు, అంతే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి. శ్రీపాద, శ్రీదేవి ఇద్దరూ 1961లోనే పోయారు కాబట్టి వాళ్ళ పుస్తకాలు ఇప్పుడు ఎవరైనా అచ్చు వేయవచ్చు. దొరకడం సులువైంది, అచ్చుతప్పులూ పెరిగాయి. కాబట్టి అట్ట చూసి కొనకండి, మధ్యలో ఏదో పేజీ తెరిచి నిలబడి చదవండి. ఒక పేజీలో మూడు తప్పులుంటే పక్క ప్రచురణ చూడండి. కథలైతే కొనకుండానే రుచి చూడవచ్చు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వేల కథలను స్కాన్ చేసి అంతర్జాలంలో ఉంచింది. శ్రీపాద కోసం ముందు అక్కడికి వెళ్ళండి.

మొత్తం ఒకేసారి కొనకండి. ఈ నెలకు పార్వతీశం మొదటి భాగం, అమ్మగారికి అమరావతి కథలు. చదవడం మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ ఇక్కడే కింద రాయండి. పాత ఖాతా పుస్తకంలో ఇంకా పదహారు పేజీలు ఖాళీగా ఉన్నాయి, మీ పేరున ఒక వరుస వేసుకుంటాను.